మాకు లేని ఐదో అంతస్తు

మా బిల్డింగులో మెట్ల పక్క గదిలో ఉండే అమ్మాయిని అందరూ లిఫ్టమ్మాయి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో అనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తుంది. గళ్ల చొక్కా, జేబులో టెస్టరు, జడలో పిన్నులతో పాటు ఎప్పుడూ ఒకటో రెండో స్క్రూలు. పని చేసేటప్పుడు చేతికందేలా అక్కడ గుచ్చుకుంటుంది, తర్వాత మర్చిపోతుంది.

వాళ్ల మేనమామ లిఫ్టు మెకానిక్కు. తల్లి పోయాక ఈ పిల్లను ఆయనే పెంచాడు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక పనికి వెంట తీసుకెళ్లేవాడట. తోటిపిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే ఇది మెషిన్ రూములో గ్రీజు డబ్బా మూతతో ఆడుకుంది. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, చెవులు సగం మూసుకున్నాయి. మా వీధిలో ఆయన చూసిన లిఫ్టులన్నీ ఈ అమ్మాయే చూస్తోంది.

నా చదువు నాలుగో తరగతిలో ఆగింది కానీ, అడగడం ఎక్కడా ఆగలేదు. ఎవరింట్లో ఏం జరుగుతున్నా ముందు నా తల వెళ్తుంది, కాళ్లు తర్వాత వెళ్తాయి. అందుకే ఈ సంగతి మొదలు నుంచి చివరి దాకా నాకు తెలుసు.

బిల్డింగు సెక్రటరీ గారి దగ్గరికి ఒక పెద్ద లిఫ్టుల కంపెనీ మనిషి వచ్చాడు. లిఫ్టు ఎక్కడ ఆగినా తమ ఆఫీసులో ఆ క్షణమే తెలిసిపోతుందని చెప్పాడు. సెక్రటరీ గారు ఈ అమ్మాయిని పిలిచి అడిగారు.

“లిఫ్టు ఆగితే నీకెలా తెలుస్తుందమ్మా?”

“ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు సార్.”

“ఆ లోపలున్నవాడు ఫోన్ ఇంట్లో వదిలేసి వస్తే?”

దానికో దారి చూసుకోమని సెక్రటరీ గారు నెలాఖరు ఆదివారం దాకా గడువిచ్చారు. ఆ రోజు లిఫ్టును మధ్యలో ఆపుతారు. ఎవరూ చెప్పకుండా తనకు తెలిస్తే పని తనదే, తెలియకపోతే కంపెనీది. మా బిల్డింగు చేజారితే వీధి మొత్తం చేజారినట్టే. ఇక్కడివాళ్లది గొర్రెదాటు, మేము ఎటు దూకితే అటు దూకుతారు. మేనమామా మేనకోడలూ బతికేది ఆ లిఫ్టుల మీదే.

ఫొటోకాపీ షాపు మేడ మీద సాయంత్రం క్లాసులకు వెళ్లి ఈ అమ్మాయి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. అరచేతిలో పట్టే, సొంత బ్యాటరీ ఉన్న ఒక పెట్టె తెచ్చి లిఫ్టుకు బిగించింది. లిఫ్టు ఏ అంతస్తులో ఉందో, కదులుతోందో ఆగిందో ఆ పెట్టెకు తెలుస్తుంది. అది తన లాప్‌టాప్‌కు చెప్పాలి. అక్కడే పేచీ వచ్చింది. అప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ వాళ్ల గుమ్మంలో కూర్చున్నాను.

“ఏమిటే, డబ్బాను తిడుతున్నావు?”

“మాట్లాడట్లేదు పిన్నీ. నేనే దాన్ని పలకరిద్దామంటే బయట్నించి వీల్లేదు. బిల్డింగు ఇంటర్నెట్ మన వాచ్‌మన్ లాంటిది. లోపలివాళ్లు బయటికెళ్తే ఏమీ అనడు, బయటివాళ్లొచ్చి ఫలానావాళ్లు కావాలంటే రానివ్వడు.”

“నన్నడగమను. ఎవరెక్కడున్నారో చెప్తాను.”

“బయట ఇంటర్నెట్‌లో నీలాంటి మనిషే ఒకడుంటాడు. పెట్టె, లాప్‌టాప్ రెండూ బయటికొచ్చి ఆయన్ని కలుస్తాయి. ఒకరి ఆచూకీ ఇంకొకరికి చెప్పి ఆయన తప్పుకుంటాడు. ఆ తర్వాత వాటి మాటలు నేరుగా వాటి మధ్యే. నడుమ ఏ కంపెనీ చెవీ ఉండదు.”

“పెళ్లిళ్ల పేరయ్యన్నమాట.”

“అంతే. కాకపోతే భోజనానికి ఆగడు.”

నేను వదల్లేదు. తను విసుక్కుంటూనే చెప్పింది. అందరూ వాడే ఇంటర్నెట్ లోపలే, తన పెట్టెలకు మాత్రమే తెలిసిన ఒక చిన్న వీధి కట్టుకుంది. ప్రోగ్రాము మొదటిసారి లేచినప్పుడు తనకంటూ ఒక గుర్తింపు తయారుచేసుకుని, ఈ వీధిలో చేరతానని అడుగుతుంది. ఈ అమ్మాయి సరే అని నొక్కితే దానికో ఇంటి నంబరు వస్తుంది. అప్పుడది సాకెట్ అని ఒక గుమ్మం తెరిచి, అవతలి గుమ్మంతో కలుస్తుంది. కబుర్లు నడిచేది ఆ గుమ్మాల మధ్యే.

“మరి కలవదేం?”

తను రాసింది లాప్‌టాప్‌లో మళ్లీ మొదట్నించి చదివింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

“ఇంటి నంబరు రాకముందే గుమ్మం తెరుస్తోంది పిన్నీ ఇది. వీధిలో చేరే దాకా ఆగమని చెప్పలేదు నేను.”

ఆగమని రాసింది. పెట్టె మాట్లాడింది. లిఫ్టు మూడుకెళ్తే తెర మీద మూడు, రెండుకొస్తే రెండు. కూర పొయ్యి మీద పెట్టాలన్న సంగతి మర్చిపోయి నేను అక్కడే కూర్చున్నాను.

పరీక్ష రోజు ఉదయం ఇంకో పని పెట్టుకుంది. మా వెనక బిల్డింగువాళ్లూ తమ లిఫ్టుకు పెట్టి చూస్తామన్నారు. మళ్లీ మొదట్నించి ఎందుకని మా పెట్టెలో ప్రోగ్రాము ఉండే కార్డును ఉన్నది ఉన్నట్టు ఇంకో కార్డులోకి ఎక్కించి, రెండో పెట్టెలో పెట్టి వాళ్ల లిఫ్టుకు బిగించి వచ్చింది.

“ఈసారి సరే అని నొక్కమని కూడా అడగలేదు పిన్నీ. దానంతటదే కలిసిపోయింది.”

“అడక్కుండా కలిసిపోయే కోడలు ఎవరికి దొరుకుతుందే” అన్నాను. వంటింట్లోంచి మా కోడలు దగ్గింది.

లిఫ్టులో ఎక్కడానికి మనిషి కావాలన్నారు. నేనే ఎక్కాను. ఇంకొకరు ఎక్కితే నాకు నిద్ర పట్టదు. రెండో అంతస్తు దాటగానే పైన మెషిన్ రూములో స్విచ్ ఆపారు. దీపం, ఫ్యాను రెండూ ఆగాయి. రెండో అంతస్తు వరండాలో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ అమ్మాయీ, సెక్రటరీ గారూ నిలబడ్డారు. తలుపు సందులోంచి ప్రతి మాటా నాకు వినబడుతోంది.

“ఏమంటోందమ్మా?” సెక్రటరీ గారి గొంతు.

“నడుస్తోందంటోంది సార్.”

“నడవడమేమిటి, ఆపేశాంగా.”

“నాలుగో అంతస్తంటోంది.” తన గొంతు సన్నబడింది. “కొంచెం చూడనివ్వండి.”

లోపల ఉక్కపోస్తోంది. అయినా, “నాకు హాయిగా ఉంది, మీరు తీరిగ్గా కానివ్వండి” అని అరిచాను. వీపు మీద చెమట కారుతున్న సంగతి వాళ్లకెందుకు?

“ఇప్పుడు?”

“ఐదో అంతస్తంటోంది సార్.”

మాది నాలుగంతస్తుల బిల్డింగు.

ఆ అమ్మాయి, “ఇది మనది కాదు. వెనక బిల్డింగు లిఫ్టు” అంది. తర్వాత చెప్పులు మెట్ల మీద పరిగెత్తిన చప్పుడు.

“ఎక్కడికమ్మా? స్విచ్ వేస్తే నీ పెట్టె ఓడిపోయినట్టే.”

“ఓడిపోయింది సార్. ముందు పిన్ని బయటికి రావాలి.”

లిఫ్టు కదిలింది. నేను బయటికొచ్చేసరికి తను పై మెట్ల మీంచి దిగుతోంది. నన్ను పైనుంచి కిందకు చూసి, తన చొక్కా చేతి అంచుతో నా మెడ తుడిచి, సెక్రటరీ గారి వైపు తిరిగింది.

“తప్పు నాదే సార్. కార్డు నకలు తీసినప్పుడు మన పెట్టె గుర్తింపు కూడా దాంట్లోకి పోయింది. ఒకే గుర్తింపుతో ఇద్దరు తిరుగుతున్నారు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాటే నాకు చేరుతోంది. అది అనుమతి అడగనప్పుడే అనుమానించాల్సింది. సంతోషపడ్డాను.”

సెక్రటరీ గారు గడ్డం గోక్కున్నారు. “ఇది కంపెనీవాళ్లయితే చెప్పేవాళ్లు కాదు. సరిచెయ్యడానికి ఎంతసేపు?”

“వెనక బిల్డింగుకు వెళ్లి రావాలి.”

“వెళ్లిరా.”

నేనూ వెనకాలే వెళ్లాను. రెండో పెట్టెలోంచి అరువు గుర్తింపు చెరిపేసి మళ్లీ లేపింది. ఈసారి అది కొత్త పెళ్లికూతురిలా గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. సరే అని నొక్కింది. తెర మీద రెండు లిఫ్టులు, రెండు ఇంటి నంబర్లు.

తిరిగొచ్చాక సెక్రటరీ గారు నన్ను ఎక్కనివ్వలేదు. “మీరు కూర్చోండి అక్కయ్యగారూ” అని తనే ఎక్కారు. ఆయనా ఆసక్తి గల మనిషేనని అప్పుడు తెలిసింది. పైన స్విచ్ ఆపేశారు. స్టూలు మీది లాప్‌టాప్ కూత పెట్టింది. ఆగిందనీ, రెండుకీ మూడుకీ మధ్య ఉందనీ రాసింది.

“తెలిసింది సార్” అని ఆ అమ్మాయి తలుపు దగ్గర అరిచింది.

“నాకూ తెలిసింది. ఇంక దించు తల్లీ, చీకటిగా ఉంది.”

దిగాక రుమాలుతో ముఖం తుడుచుకుని కంపెనీ మనిషికి ఫోన్ చేశారు, ప్రస్తుతానికి రావద్దని.

ఆ కబురు మేనమామకు చెప్పడానికి మేమిద్దరం కిందికెళ్లాం. ఆ అమ్మాయి ఆయన చెవి దగ్గర వంగి మొత్తం చెప్పింది. ఆయన పని దక్కినందుకు సంతోషపడతాడనుకున్నాను.

“ఈవిడ లోపలుండగా ఐదో అంతస్తు వచ్చే దాకా ఎందుకు ఆగావు? నాలుగు అన్నప్పుడే దించాల్సింది.”

“పరీక్ష కదా మావయ్యా.”

“పరీక్ష అని లిఫ్టుకు తెలుసా?”

ఆ తర్వాత వీధిలో ఎన్ని బిల్డింగుల్లో పరీక్ష పెట్టినా ఆ అమ్మాయి లోపల ఇసుక బస్తానే ఎక్కించింది. నేనెక్కుతానని ఎంత బతిమాలినా వినలేదు.