ఆమె మాటల వల్ల కాదు

మా పాత ల్యాబు బ్యాచ్ ఎక్కడ కలిసినా ఒక జోకు నడుస్తుంది: "ఆవిడ వెళ్ళింది, ఆర్‌ఎన్‌ఏ నిలబడింది." నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళలో అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

చికున్‌గున్యా ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసిన ఏడు. బాపట్లలో మా కాలేజీ చిన్న ల్యాబుకు చుట్టుపక్కల నుంచి జ్వరం వచ్చినవాళ్ళ రక్తం ఐసు పెట్టెల్లో వచ్చేది. ఆ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. అది చెడకుండా బయటికొస్తేనే జ్వరం ఏదో తేలేది. మన చెమటా ఉమ్మీ కాస్త తగిలినా అది ముక్కలైపోతుంది.

నాతో పనిచేసే అమ్మాయి తెనాలి నుంచి పొద్దుటి ప్యాసింజర్లో వచ్చేది. రైల్లో సీటు కోసం ఎవరు పోట్లాడారో, వాళ్ళ అమ్మ ఏం వండిందో, మాస్కు వెనక నుంచే చెప్పుకుపోయేది. ఆ కబుర్లు లేని రోజు నాకు పని సాగేది కాదు.

నమూనాలు వరసగా పాడవసాగాయి.

"నీ నోటి తుంపర్లేనమ్మా" అన్నాను.

"మాస్కుంది కదన్నయ్యా! నా మాటలేమన్నా సూదులా, గుడ్డలోంచి దూరడానికి?"

ల్యాబు నడిపే సారు నన్నే నమ్మారు. ఆమె మాట్లాడటం మానేసింది. కొన్నాళ్ళకు రేపల్లెలో టీచరు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

అయినా నమూనాలు పాడవుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే కాలేజీ పుస్తకం కోసం ల్యాబులో ఫొటోలు తీశారు. "మీసం బ్రహ్మాండంగా పడిందండి" అంటూ ఫొటోగ్రాఫర్ ప్రింటు చేతికిచ్చాడు. ఫొటోలో నేను మాస్కు కిందికి లాగి, గ్లవ్ తొడుక్కున్న చేత్తో అలవాటుగా మీసం మెలేస్తున్నాను. నమూనాల్లో కలపడానికి అందరం వాడే నీళ్ళ సీసా మూత తీసేది ఆ చెయ్యే.

మర్నాడు నీళ్ళు మార్చి, చెయ్యి మొహం దాకా పోకుండా పనిచేశాను. ఆర్‌ఎన్‌ఏ చక్కగా వచ్చింది.

"చూశావా, ల్యాబు నిశ్శబ్దంగా ఉంటే ఎంత తేడానో!" అన్నారు సారు.

"అవునండి" అన్నాను.

రేపల్లె వెళ్ళి ఆమెకు మాత్రం చెప్పాను. "మీసమా అన్నయ్యా!" అంటూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత అంది: "నా నోటి వల్లే నమూనాలు పాడయ్యాయన్న మాట ఇక్కడి పిల్లల దాకా వచ్చిందండీ. క్లాసులో గొంతెత్తాలంటే బెరుగ్గా ఉంటోంది. రండి, వాళ్ళకి చెబుదురుగాని."

రైలుకు వేళైందని చెప్పి వచ్చేశాను.

ఈసారి మా బ్యాచ్ తెనాలిలో కలుస్తోంది. ఆమె కూడా వస్తానంది. నమూనాలు పాడుచేసింది నేను. అందుకే ఇది రాసి బ్యాచ్‌లో అందరికీ పంపుతున్నాను; ఆమె వచ్చి కూర్చునేలోపు ఈ సంగతి అందరూ చదివి ఉండాలి.