టైలరమ్మకి బుద్ధొచ్చిందట

వీధిలో ఆమెకు గయ్యాళి టైలరమ్మని పేరు. నోరు పెద్దదే, ఎవరు కాదన్నారు? ముప్పావు మీటరు గుడ్డ తెచ్చి పొడుగు చేతులు పెట్టమన్నవాళ్ళని కడిగి పారేసేది. "మెడ అంత లోతైతే భుజం జారుతుందమ్మా, నా మాట విను" అని అరగంట వాదించేది. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు, కుట్టు అలాంటిది.

ఈ ఏడాది ఆ నోరు ఆగిపోయింది. మెడ లోతు పెంచమంటే సరే. చెయ్యి బిగించమంటే సరే. కూరలో ఉప్పు లేదని మొగుడు కంచం తోసేస్తే, దానికీ సరే. అందరూ తెగ మురిసిపోయారు. టైలరమ్మకి బుద్ధొచ్చిందన్నారు. ఆడపడుచైతే "ఇన్నాళ్ళకి మా అన్నయ్య సుఖపడ్డాడు" అంది. వాళ్ళ సంబరం మండిపోను. మనిషి సగమైపోయింది, తెల్లారకముందే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటోంది, అది ఒక్కరి కంటికీ ఆనలేదు.

కనిపెట్టింది కాజాలు కుట్టే పిన్ని. పదకొండేళ్ళుగా అదే కొట్లో ఆమె పక్కనే కూర్చుంటోంది. ఒకరోజు చూస్తే జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించి ఉన్నాయి.

"ఇదేమిటే?"

"ఏదైతేనేం పిన్నీ" అంది టైలరమ్మ. "పొద్దున మెలకువ రాకుండా పోతే బాగుండనిపిస్తోంది."

పిన్ని సూది కింద పెట్టి, కొట్టుకి తాళం వేసి, ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. డాక్టరుకి చూపించాలని మొగుడితో చెప్పింది.

"దానికేం, నిక్షేపంలా ఉంది. కాస్త నెమ్మదించింది, అంతే."

"నెమ్మదించడం కాదు అల్లుడూ, చచ్చిపోవాలనుంది అంటోంది. నువ్వు రాకపోతే నేనే తీసుకెళ్తా."

అతను మొహం మాడ్చుకుని వెంట వచ్చాడు. మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ నిద్ర, ఆకలి, చావు ఆలోచనలు, అన్నీ నిదానంగా అడిగింది.

"ఇది డిప్రెషనమ్మా. బద్ధకం కాదు, నీ తప్పూ కాదు. మందులిస్తాను, వారం వారం వచ్చి మాట్లాడు. గుణం కనపడ్డానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఒంటరిగా ఉండకూడదు."

"జబ్బేనా?" అంది టైలరమ్మ. "నేనే పనికిరాకుండా పోయాననుకున్నా." అని భోరున ఏడ్చింది.

లేవబోతూ మొగుడు గొంతు తగ్గించాడు. "మందులేస్తే మళ్ళీ పాత మనిషైపోతుందా డాక్టరుగారూ?"

"తప్పకుండా అవుతుంది" అంది డాక్టరమ్మ, ధైర్యం చెబుతున్నాననుకుని.

అతని మొహం వాడిపోవడం పిన్ని చూసింది. మందుల చీటీ అందుకోబోతున్న అతని చేతిని పక్కకి నెట్టేసింది.

"ఇది నా దగ్గరుంటుంది. రెండు పూటలా మందు నేనే వేస్తా."