చక్రం కింద నిమ్మకాయకు మూలం ఈజిప్టు

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్న శనివారం, ఇంటి వెనక పార్కింగ్‌లో దానికి పూజ చేశాం. బొట్టు పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మావారు కారు ముందుకు పోనిచ్చేసరికి అవి చితికాయి. తలెత్తితే పై అంతస్తు పెద్దాయన బాల్కనీలోంచి చూస్తున్నాడు. నేల పాడయిందని చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గబగబా దిగి వచ్చి, వంగి ఆ తొక్కలను పరీక్షగా చూసి, "ఈ ఆచారం మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు.

ఆయన రిటైరైన జాగ్రఫీ మాస్టారు, ఊరి చరిత్ర సంఘానికి పెద్ద. మా తాతకన్నా వయసులో చిన్నదైన ఈ ఊరికి ఒక చరిత్ర సంఘం ఉందని అప్పుడే తెలిసింది.

వందేళ్ల కిందటి జర్మన్ పండితుల సిద్ధాంతం ఒకటి ఆయనకు ప్రాణం. దాని ప్రకారం మనిషికి సొంతంగా ఏదీ తట్టదు. ప్రతి వస్తువూ, ప్రతి ఆచారమూ ఎక్కడో ఒక్కచోట పుట్టి, చేతులు మారుతూ లోకమంతా పాకుతుంది. దూరదూరపు దేశాల్లో ఒకే రకం విల్లు కనబడిందంటే ఎవరో మోసుకెళ్లారన్నమాట. ఇంగ్లండులో కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, అన్నీ ఈజిప్టులోనే పుట్టాయని తేల్చేశారట. తర్వాతి పండితులు ఈ వాదాలను వదిలేశారు. ఆయన వదల్లేదు.

వసంతంలో ఆవులను మొదటిసారి మేతకు తోలేటప్పుడు ఆయన నాయనమ్మ కొట్టం గడప దగ్గర గుడ్డు పెట్టి తొక్కించేదట. గుడ్డూ గుండ్రమే, నిమ్మకాయా గుండ్రమే. రెండూ చితికేవే. ఇన్ని పోలికలు ఊరికే రావన్నాడు. మీ పూర్వీకులు పర్షియా మీదుగా వచ్చారా అని అడిగాడు. మావాళ్లు విజయవాడ దాటిన దాఖలాలే లేవని చెప్పాను.

అయినా ఆయన కోసం ఇంటికి ఫోన్ చేశాను. అమ్మకు తెలియదు. నాన్న, "మొదట స్కూటర్ కొన్నప్పుడు షోరూం వాళ్లే పెట్టారమ్మా. అందరికీ పెడుతున్నారు గదా అని మేమూ ఊరుకున్నాం," అన్నాడు.

ఆ మాటే పెద్దాయనకు చేరవేశాను. నిరాశపడతాడేమోనని ముందే జాలిపడ్డాను. మోసుకొచ్చినవాళ్లకు మూలం గుర్తుండకపోవడం సహజమేనని ఆయనే నన్ను ఓదార్చాడు. ఆ సిద్ధాంతంలో దేనికైనా చోటుంది, మా నాన్న మాటకు తప్ప.

కొన్నాళ్లకు సంఘం హాల్లో ఆయన ఉపన్యాసం పెట్టారు. మమ్మల్ని సజీవ సాక్ష్యంగా ముందు వరసలో కూర్చోబెట్టారు. గోడకు తగిలించిన పటంలో నైలు నది దగ్గర బయల్దేరిన ఎర్ర బాణం ఒకటి పర్షియా మీదుగా కృష్ణా జిల్లా చేరింది. ఇంకోటి ఆల్ప్స్ ఎక్కి దిగి నాయనమ్మగారి కొట్టానికి వచ్చింది. ఇద్దరికీ విడివిడిగా తట్టి ఉండొచ్చు కదా అని ఎవరో అడిగితే, మనుషులు అంత తెలివైనవాళ్లు కారన్నాడు. హాల్లో ఎవరూ నొచ్చుకోలేదు.

అప్పుడు ఆరేళ్ల మా అమ్మాయి చెయ్యెత్తి, వాళ్ల నాన్న వీడియో చూసి నిమ్మకాయలు పెట్టాడని జర్మన్‌లో చెప్పింది. నిజమే. నిమ్మకాయ చక్రానికి ముందు పెట్టాలో వెనక పెట్టాలో తెలియక మావారు పూజ రోజు ఉదయమే ఫోన్‌లో వెతుక్కున్నారు. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం శ్రద్ధగా పటం మీద ఇంకో బాణం గీశాడు.

బయటికొస్తుంటే, కారు వెనక తగిలించుకునే కారవాన్ బండి కొత్తగా కొన్న ఒకావిడ మావారిని ఆపింది. మందులు కొట్టని బయో నిమ్మకాయలే కావాలా, మామూలువి పనికొస్తాయా అని ఆవిడ సందేహం. ఆచారాల విషయంలో మావారిని సలహా అడిగినవాళ్లు అంతవరకు లేరు. ఆయన గొంతు సవరించుకుని, "బయో అయితేనే మంచిది," అన్నారు.

మొన్న వేసవిలో మా కింది ఫ్లాట్‌లోకి కరీంనగర్ నుంచి కొత్త జంట వచ్చింది. కారు కొన్న రోజు ఆ అమ్మాయి మా తలుపు తట్టింది.

"అక్కా, ఈడ బయో నిమ్మకాయలే పెట్టాలంట గద. మన తెలుగోళ్ల గ్రూపుల చెప్పిన్రు. మీ దగ్గర ఉన్నయా?"

మావారి మాట ఆ గ్రూపుదాకా ఏ దారిన ప్రయాణించిందో నాకు తెలియదు. అలాంటిదేమీ లేదని చెబుదామని నోరు తెరిచాను. అంతలో మావారే లేచి ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. గోరువెచ్చని నీళ్లతో కడిగాకే పెట్టాలని కూడా చెప్పారు.