ఎన్నేండ్ల నుంచి

2018 నవంబర్ 12, సోమవారం. నల్లగొండలో కిడ్నీ డాక్టరు గది. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆలేరు నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, డాక్టరు.

చీటీ మీద డాక్టరు నా భార్య కిడ్నీ జబ్బుకు ‘క్రానిక్’ అని రాసి, పైకి చదివారు. ఆ మాట వినగానే మరదలు కండ్లనీళ్లు పెట్టుకుంది. మావైపు దాన్ని బాగా ముదిరిన రోగానికే వాడతారు.

"గట్ల కాదమ్మా. చాన ఏండ్ల సంది ఉన్నదని అర్థం, గంతే," అన్నాను. డాక్టరు కూడా అవునన్నారు. ఆ మాట కాలాన్ని చెబుతుంది, తీవ్రతను కాదట.

"అంటే మా పెండ్లి లెక్కనా?" అంది నా భార్య.

డాక్టరు నవ్వి, మోకాళ్ల నొప్పికి మాత్రలు వాడుతున్నారా, ఎన్నేళ్ల నుంచి అని అడిగారు. ఆమెకు గుర్తు లేదు.

"మా బావనడుగుండ్రి సారూ. నా పెండ్లిల పప్పుల ఉప్పెక్కువైందని గూడ డైరీల రాసి పెట్టిండు," అంది మరదలు.

నాకు గర్వంగానే అనిపించింది. మండలాఫీసులో ఉన్నన్నాళ్లూ పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలిచి రాసినవాణ్ణి. తేదీతో సహా చెబుతానన్నాను. అప్పుడు డాక్టరు నవ్వడం మానేసి చెప్పారు: ఆ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. పోయింది తిరిగి రాదు. ఇక మీద ఒక్కటి కూడా వేసుకోవద్దు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే డైరీలు ముందేసుకుని వెనక్కి చదువుతూ పోయాను. ‘ఆమెకు మోకాళ్ల నొప్పి. మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చాను. తగ్గింది.’ కిందటి నెలలో ఉంది. కిందటేడు చాలాచోట్ల ఉంది. తెలంగాణ వచ్చిన రోజు పేజీలో, మా వీధిలో కాల్చిన పటాకుల సంగతి కింద కూడా ఉంది. మొదటిసారి 2009లో. అక్కడ ఇంకో వాక్యం ఉంది: ‘కడుపులో మంట, వద్దంది. బలవంతంగా వేయించాను.’

నా భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "దొరికిందా?" అంది.

"తొమ్మిదేండ్లు."

"గన్నేండ్లా!"

"తెచ్చింది నేనే," అన్నాను.

"నువ్వు గాక ఇంకెవరు తెస్తరు?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. చాయ్ సల్లారుతుందని గుర్తు చేసి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున మంచం దిగి, గోడ పట్టుకుని వంటింటిదాకా పోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.

"నొస్తున్నదా?"

"లేదు," అంది, వెనక్కి తిరగకుండానే. "లేదనే రాసుకో."

డైరీ తీశాను. ‘నొప్పి ఉంది. లేదంది,’ అని రాశాను.