గంజిలో తిరగవాత

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరికంటే నోరున్న మనిషి మా అవ్వ. ఆమె వీధిలో వస్తుంటే అరుగుల మీది మగవాళ్ళు చాపుకున్న కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. ఇప్పుడు మా ఊరికి వెళ్ళి అడిగితే, కరువులో ఊరందరికీ గంజి కాచి పోసిన పుణ్యాత్మురాలని చెబుతారు. ఆ మాట ఆమె చెవిన పడి ఉంటే అన్నవాళ్ళకు మూడేది. పుణ్యం లేదు, గిణ్యం లేదు, నాకు ఇష్టమై వండినానని మొహం మీదే చెప్పేది. ఇప్పుడామె లేదు కాబట్టి ఆమె తరఫున నేను చెబుతున్నాను.

మాది కోసిగి దగ్గర ఒక చిన్న ఊరు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. జొన్న చేలు మోకాలెత్తుకు రాకుండానే మాడిపోయాయి. ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళంతా ఇళ్ళకు తాళాలు వేసుకుని, కూలి పనులు వెతుక్కుంటూ రాయచూరు వైపు వెళ్ళిపోయారు. మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మా అమ్మా నాన్నా కూడా నన్నూ మా తమ్ముణ్ణీ అవ్వ దగ్గర వదిలి సుగ్గికి పోయారు. తమ్ముడికి అప్పటికింకా మాటలు సరిగా రాలేదు.

ఊళ్ళో మిగిలింది ఎక్కువగా ముసలివాళ్ళూ పిల్లలే. మా కోసం బడి వసారాలో గంజి కేంద్రం పెట్టారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక సారు దాన్ని నడిపేవారు. ఆయన నిజంగా మంచి మనిషి. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే మా అవ్వకు పేచీ వచ్చింది ఆయనతోనే. ఆదోనిలో దూది వ్యాపారం, గింజల వ్యాపారం చేసే షావుకార్ల ఇళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి జొన్నలు తెచ్చేవారు. వానలు పడేదాకా ఉప్పు ముట్టనని ఒట్టు పెట్టుకుని, చప్పిడి గంజి తాగుతూ ఆ ఎండల్లో తిరిగేవారు. మేమంతా ఆయన్ని గంజి సారు అనేవాళ్ళం. వండేది మాత్రం మా అవ్వ.

మొదట్లో గంజి అంటే ఉత్త గంజే. జొన్నపిండి నీళ్ళలో ఉడికించి ఇంత ఉప్పు వేసేవారు. కొన్నాళ్ళు ఆవురావురుమని తాగాం. పోనుపోను తాగడం కూడా ఒక పనయిపోయింది. జనం మాటా పలుకూ లేకుండా వచ్చి, తాగి, వెళ్ళి పడుకునేవాళ్ళు. మా తమ్ముడైతే ఒకరోజు మొహం తిప్పేసుకున్నాడు. మరునాడూ అంతే. గిన్నె నోటి దగ్గర పెడితే పెదవులు బిగించి గోడవైపు తిరిగేవాడు. ఏడుపు కూడా మానేశాడు. ఏడ్చే పిల్లాడితో భయం లేదు, ఏడవని పిల్లాడితోనే భయం అని అవ్వ గొణుక్కుంది. సారు వచ్చి వాణ్ణి చూశారు. ఓదార్పుగానే ఒక సామెత చెప్పారు.

"ఆకలి రుచి ఎరగదు అవ్వా. బాగా ఆకలైతే వాడే తాగుతాడు."

అవ్వ పొయ్యి దగ్గరి గుంటగరిటె చేతపట్టుకుని వీధిలోకి వెళ్ళింది. పక్కింటి దూదేకుల అక్క సీసా అడుగున దాచుకున్న కుసుమ నూనె గరిటెలోకి ఒంపించుకుంది. ఒకరింట్లో ఎండుమిరపకాయలు, ఇంకొకరింట్లో మేము తెల్లగడ్డ అనే వెల్లుల్లి ఒకటి సంపాదించింది. తమ్ముడి పక్కనే మూడు రాళ్ళు పెట్టి, నిప్పు చేసి, గరిటె దాని మీద పెట్టింది. నూనె కాగింది. తెల్లగడ్డ రెబ్బలు ఎర్రబడ్డాయి, మిరపకాయ చిటపటలాడింది. మా వైపు తాలింపును తిరగవాత అంటారు. ఆ తిరగవాత గిన్నెడు గంజిలో చుయ్యిమనగానే మా తమ్ముడు గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. ముక్కు ఎగబీల్చాడు. అవ్వ వేలితో నాకించింది. కాసేపటికి వాడు గిన్నె కోసం ఏడ్చాడు. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

మరునాటి నుంచి ఊరందరి గంజికీ తిరగవాత పడింది. రోజుకొక ఇంటి ముందు గరిటె చాపి నిలబడేది అవ్వ. అది అడుక్కోవడం కాదు, దబాయింపు. గంజి తాగి వెళ్ళి పడుకునే జనం వసారాలో కూర్చోవడం మొదలుపెట్టారు. నిన్న మిరపకాయ మాడిందనీ, ఈ రోజు తెల్లగడ్డ చాలలేదనీ వంకలు పెట్టేవాళ్ళు. అవ్వ వాళ్ళను బండబూతులు తిట్టేది. తిడుతూనే నా వైపు తిరిగి, "వంకలు పెడతాండారంటే పానం కుదురుకున్నట్లేమ్మే" అని నవ్వేది. పొగకు కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆమె మొహంలో అంత సంతోషం నేను పండగల్లో కూడా చూడలేదు.

ఇంతలో ఆదోని షావుకార్లు గంజి కేంద్రం చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ముందురోజు సాయంత్రం సారు అవ్వ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రేపొక్కరోజు తిరగవాత వద్దన్నారు. ఆ ఘుమఘుమలు చూస్తే వీళ్ళకేం లోటని గింజలు ఆపేస్తారని ఆయన భయం. పిల్లల తలలు కూడా దువ్వొద్దన్నారు.

"అంటే మేము ఏడస్తా కనపడాల," అంది అవ్వ.

"దొంగేడుపు ఏడవమంటాండానా అవ్వా? ఉన్నది ఉన్నట్లు కనపడితే సాలు."

"ఉన్నది ఇదే గదా సారూ. కరువూ ఉండాది, తిరగవాతా ఉండాది."

తెల్లారగానే అవ్వ నాకు రెండు జడలు బిగించి వేసింది. తమ్ముడికి మొహం కడిగింది. నూనె గరిటె చేతపట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. జీపు బడి ముందు ఆగే వరకు ఆగి, షావుకార్లు కాలు కింద పెట్టగానే గంగాళంలో తిరగవాత పోసింది. ఆ వాసన రోడ్డు దాకా వెళ్ళి ఉంటుంది. వాళ్ళలో ఒకాయన నవ్వి, మా ఇంటి పప్పు కూడా ఇంత వాసన రాదే అన్నాడు. చెడ్డమనిషేం కాదు. కానీ ఆ తర్వాత వచ్చిన బండిలో మూటలు సగానికి తగ్గాయి. మీకంటే అవస్థలో ఉన్న ఊళ్ళున్నాయని కబురు చేశారు.

సారు గొంతు పెంచడం ఆ రోజే విన్నాను. "నీ ఒక్కదాని సంతోషం కోసం ఊరిని పస్తు పెట్టినావు అవ్వా," అన్నారు.

"నా సంతోషమే. కాదని ఎవురన్నారు?" అంది అవ్వ. "అది లేకుంటే ఈ పొగలో నాకేం పని? ఊరి కోసం సచ్చేదానికి రాలేదు సారూ, ఊరితో పాటు బతికేదానికి వచ్చినా. నువ్వు ఉప్పు మానేసినావు. దాంతో యాడన్నా ఒక కడుపు నిండింటే సెప్పు."

సారు తువ్వాలు భుజాన వేసుకుని ఆదోని దారి పట్టారు.

గంజి పలచబడింది. కడుపులు కాలాయి, నాదీ కాలింది. ఆ రోజుల్లో అవ్వకు శాపనార్థాలు పెట్టినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఒక్కరు కూడా తిరగవాత మానేయమని అడగలేదు. దూదేకుల అక్క నూనె చుక్క ఆపలేదు. సారు ఆదోనిలో ఎన్ని గడపలెక్కారో, ఏం చెప్పారో మాకు తెలియదు. మూటలు మళ్ళీ వచ్చాయి, మునుపటంత కాకపోయినా. వాటితో పాటు వచ్చిన సారు, అవ్వ తన కోసం పక్కన తీసిపెట్టిన చప్పిడి గంజి వైపు చూడకుండా మా వరుసలో వచ్చి నిలబడ్డారు.

"దీంట్లో ఉప్పుండాది," అంది అవ్వ.

"తెలుసవ్వా."

ఇంకా వాన పడలేదు. అవ్వ ఒట్టు సంగతి ఎత్తకుండా గిన్నె నిండా పోసింది. ఆయన ఒక గుక్క తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, "తెల్లగడ్డ మాడినట్లుండాదే" అన్నారు. అవ్వ ఆయన్ని కూడా మాలాగే తిట్టిపోసింది. ఆయన నవ్వుతూ గిన్నె ఖాళీ చేశారు.

పెద్దయ్యాక ఎమ్మిగనూరులో అంగన్‌వాడీ టీచరుగా చేశాను. ఈ పిల్లలకు ఉడికించి పెడితే చాలదా అన్న పై వాళ్ళు నాకు చాలామంది తగిలారు. చాలదన్నాను. పప్పులోకి తిరగవాత నా చేత్తో నేనే వేశాను. ఇప్పుడు మా మనవరాలి ఫోనులో ఎవరెవరో మాట్లాడుతుంటారు. నీ సుఖం నువ్వు చూసుకో అని ఒకరు, పరుల కోసం బతుకు అని ఒకరు. రెండు ముక్కలు చేసి ఏదో ఒకటి ఏరుకోమంటారు. నేను ఏరుకోను. మా అవ్వ పొయ్యి ముందు అవి రెండుగా ఉండగా నేను చూడలేదు.

ఆ సామెత మాత్రం ఇప్పటికీ నాకు సహించదు. ఆకలి రుచి ఎరగదని ఎవరైనా నా ముందు అంటే వాదన పెట్టుకోను. ఆదోనిలో ఉన్న మా తమ్ముడికి కబురు చేసి, వాణ్ణీ వాళ్ళనూ కలిపి భోజనానికి పిలుస్తాను. ఆ మాట అన్నవాళ్ళ పక్కనే వాడికి విస్తరి వేస్తాను. తల నెరిసిపోయిన మా తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూస్తాడు.

"తిరగవాత సాల్లేదక్కా," అంటాడు.