చుక్క కోసం పంపిన కబురు

ఆకాశంలో ఒక నక్షత్రం పేలిందని పేపర్లో చదివిన రోజు నాకు కాలు నిలవలేదు. సూపర్‌నోవా! మామూలు కంటికి అందేంత దగ్గర్లో అది వందల ఏళ్లకొకసారి గానీ రాదు. దాన్ని గురించి పాఠం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ణి, చూడకుండా ఊరుకుంటానా? అప్పుడు నేను జమ్మలమడుగు పక్క పల్లెలో సైన్సు టీచర్ని. ప్రొద్దుటూరు కాలేజీలో ఉన్న స్నేహితుణ్ణి బతిమాలి బైనాక్యులర్స్ తెచ్చుకున్నాను.

చిక్కల్లా ఒకటే. ఆ చుక్క పొద్దుగూకినాక కాసేపు, దక్షిణాన మరీ కిందుగా, చెయ్యి చాపితే నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది. అటువైపు అడ్డం లేని మిద్దె ఊళ్లో నేను అద్దెకున్న ఇంటిదొక్కటే. సరిగ్గా ఆ దక్షిణానే మా ఇంటాయన పగవాళ్ల ఇల్లు. వీళ్లది ఒక పార్టీ, వాళ్లది ఇంకో పార్టీ. ఇటు బాంబు పడితే అటు పడేది.

ఒక ఎండాకాలం మిద్దె మీద పడుకున్నప్పుడే మా ఇంటాయన మీద బాంబు పడింది. ఇనుపముక్క ఒకటి పక్కటెముకల దగ్గర ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆయన మిద్దె ఎక్కలేదు. మా సీమ ఎండల్లో తలుపులు బిగించుకుని లోపల పడుకోవడమంటే బతికుండగా ఉడకడమే. ఆయన భార్య పక్కన కూర్చుని రాత్రంతా విసురుతూనే ఉండేది.

నేను మిద్దె ఎక్కుతానంటే ఆయన ఎగిరిపడ్డాడు. "ఏంది సారూ, పిచ్చి గానీ పట్టిందా? నా మిద్దె మీద నిలబడుకోని ఆ అద్దాల్లో అట్ల సూస్తే, నేను వాళ్లమీద నిఘా పెట్టినాననుకోరా? నీకేమన్నా అయితే నీ పెండ్లాం బిడ్డలకు నేనేం జెప్పాల?"

నాకా ఆలోచనే రాలేదు. అయినా మొండికేశాను. చివరికి ఆయన గొర్రెలు మేపే పెద్దాయన్ని పిలిపించి అవతలింటికి కబురంపాడు. ఎరువు కోసం రెండు వర్గాలవాళ్లూ పొలాల్లో ఆయన మందనే కట్టించుకుంటారు, కాబట్టి ఆయన జోలికి ఎవరూ పోరు. పెళ్లికైనా చావుకైనా అవతలి వీధి మీదుగా పోవాలంటే ముందు ఆయనతో కబురంపడం మా ఊరి కట్టడి.

"సూసుకోమను. అయితే మా తమ్ముడు పక్కనే నిలబడి సూడాల" అని ఆ ఇంటి యజమాని నుంచి జవాబొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆ తమ్ముడు వచ్చి, తన దగ్గర ఏమీ లేదని తువ్వాలు విదిలించి చూపించి మిద్దెక్కాడు. "వాడు నా మిద్దె మీదుంటే నేను కింద కూకోవాల్నా?" అంటూ మా ఇంటాయన కూడా ఎక్కేశాడు!

చుక్క దొరికింది. మసకగా, వణుకుతూ. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంతేనా?" అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. "ఇంతేనా అంటావా? సూర్యుడి కంటే ఎంతో పెద్దది పేలిందయ్యా! ఇప్పుడు వెలుగే వస్తోంది, ఎక్స్‌రేలు ఇంకా బయటపడలేదు. పేలిన తుక్కంతా కమ్ముకునుంది, అది పలచబడాలి. అప్పుడైనా అవి కంటికి కనపడవు, నేల దాకా రావు. పైన తిరిగే ఉపగ్రహాలే పట్టుకోవాలి."

"ఎక్స్‌రే అంటే, నాకు తీసినారే, అదేనా?" మా ఇంటాయన పక్కటెముకలు తడుముకున్నాడు.

"అదే అప్పా."

"మాయన్నకూ తీసినారు" అన్నాడు తమ్ముడు. "తొడలో బాంబు మేకు. కాలు ఈడుస్తాడు. మిద్దె ఎక్కి శానా దినాలాయె."

"పొగ పోయేదాకా ఎవురికేమైందో యాడ తెలుస్తాది" అన్నాడు మా ఇంటాయన నెమ్మదిగా.

కొన్నాళ్లకు చుక్క మా సాయంత్రాల్లోంచి తప్పుకుంది. ఎండలు ముదిరాయి. ఆయన మళ్లీ తలుపులు బిగించుకున్నాడు. వానలు ఎగ్గొట్టి ఉక్క చంపుతున్న రోజుల్లో, ఆ నక్షత్రం నుంచి ఎక్స్‌రేలు అందాయని రేడియోలో చెప్పారు. పరిగెత్తుకెళ్లి ఆయనకు చెప్పాను.

"అట్లనా!" అని ఆయన వెంటనే గొర్రెల పెద్దాయన్ని పిలిపించాడు. "మామా, చుక్కలో ఎక్స్‌రే కనపడతాందంట. సారూ నేనూ ఈపొద్దు మిద్దె మీదనే పండుకోని సూస్తామని చెప్పు."

నేను గతుక్కుమన్నాను. "అది కంటికి కనపడదప్పా! చుక్క కూడా ఇప్పుడు లేదు. వాళ్ల తమ్ముడికి నేనే చెప్పాను గదా!"

"మర్చిపోయింటాడులే సారూ" అన్నాడు, నా వైపు చూడకుండా.

పెద్దాయన తిరిగొచ్చేదాకా ఆయన గడపలోనే నిలబడ్డాడు. భార్య అప్పటికే పరుపు చుట్టి చంకన పెట్టుకుంది.

"వాళ్లన్న నవ్వినాడప్పా" అన్నాడు పెద్దాయన. "ఎక్స్‌రే కంటికి కనపడదని తమ్ముడు అప్పుడే చెప్పినాడంట. 'అయినా సూసుకోమను, మేము గూడా సూస్తాం' అన్నాడు."

పొద్దుగూకుతుంటే మిద్దెక్కి దక్షిణంగా చూశాను. ఎదురు మిద్దె మీద తమ్ముడు పరుపు దులుపుతున్నాడు. వాళ్లన్న ఒక చేత్తో గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ, మెట్లెక్కి వస్తున్నాడు.