పూజకు ముందు చూసిన రీడింగు

శ్రీకూర్మంలో స్వామి సేవ చేసుకునే ఇంట్లో పుట్టాను. ఊహ తెలిసిన నాటి నుంచి గుడిలో పెద్దల గోష్ఠిలో కూర్చొని పాశురాలు చదివాను. ఉద్యోగం మాత్రం విజయనగరం దగ్గర ఒక కాలేజీ ల్యాబులో. విమానాలకు వేసే పూత తుప్పును ఆపుతుందో లేదో చూడటం మా పని. పూత వేసిన అల్యూమినియం ప్యానెల్ మీద గాజు గొట్టం అంటించి, ఉప్పునీళ్లు పోసి, కొద్దిపాటి కరెంటు పంపుతాం. పూత గట్టిదైతే కరెంటును అడ్డుకుంటుంది, రీడింగు పెద్దగా వస్తుంది. పడిపోయిందంటే, పైకి నిగనిగలాడుతున్నా నీళ్లు లోపలికి దిగినట్టే.

అప్పుడు పరీక్షలో ఉన్న పూత తయారుచేసింది మా ల్యాబులోనే ఉండే, బొబ్బిలి వైపు రైతుల ఇంటి అమ్మాయి. నాలుగేళ్ల పరిశోధన.

ఆయుధపూజ నాడు పొద్దున్నే రీడింగు తీశాను. బాగా పడిపోయింది. పండగపూట చెడుమాట ఎందుకని రిజిస్టరులో రాయలేదు, కంప్యూటరులోనూ ఉంచలేదు. తర్వాత మిషన్లకు, ప్యానెళ్లకు కుంకుమ బొట్లు పెడుతుంటే ఆమె వచ్చింది.

"ఏటన్నయ్యా, పేరంటమేటి? గొట్టం పక్కన ఇంకోటెట్టు. ఇది పోతే నా ప్రాజెక్టూ పోతాది."

నవ్వి, ఇంకో బొట్టు పెట్టాను.

సెలవు తర్వాత ఆమే రీడింగు చూసుకుంది. గొట్టం పక్కనున్న బొట్టును వేలితో చూపించింది.

"కుంకం లోపలికి దిగిపోనాది, టెస్టు సెల్లదని రాసీ అన్నయ్యా. కొత్త ప్యానెళ్లతో మళ్లీ మొదలెడతాను."

"కుంకుమ తప్పు కాదమ్మా. పూజకి ముందే పడిపోయింది. నేను చూశాను."

"సూసి కూడా నవ్వుతూ బొట్టెట్టినావా?"

రిజిస్టరు దగ్గరకు లాక్కున్నాను.

"ఎవులు సూసినారు? నువ్వూ నీ దేవుడూనే గదా. ఆయన్ని నేను బతిమాలుకుంటాను, నువ్వు రాసీ."

ఆ పూతను నమ్ముకొని ఎగరబోయే వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లను తలచుకొని, పూజకు ముందే పడిపోయిందని రాశాను. దాని కింద ఆమె సంతకం కూడా కావాలి. పెట్టింది. నా ముఖం చూడలేదు.

ఆ నెలలోనే ప్రాజెక్టు మూసేశారు. నిజం రాయడం ధర్మమేనని స్వామి ముందు ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ పొద్దున్నే నోరు విప్పి ఉంటే, ఆమె అబద్ధం అడిగే దాకా వచ్చేది కాదు. ఆ మాట మాత్రం ఆయన ముందు నోట రావడం లేదు.